బండి జాడ, రిజిస్టరు లెక్క: డోన్ జంక్షను నేర్పు పాఠము

డోన్ జంక్షను మన ప్రాంతమువారికి క్రొత్తది కాదు. ఒకప్పుడు ద్రోణాచలమని పిలువబడిన ఈ ఊరు, 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన నంద్యాల జిల్లాలో రెవిన్యూ డివిజను కేంద్రమైనది. కర్నూలు వైపునుండి ఒక రైలుమార్గము, నంద్యాల వైపునుండి ఒకటి, గుత్తి, గుంతకల్లుల వైపునుండి ఒకటి ఇచ్చట కలియుచున్నవి. ప్లాట్‌ఫారముపై మూట దించుకొని నిలిచిన ప్రయాణికుడు అడుగు ప్రశ్న ఒక్కటే: “బండి ఎక్కడ ఉన్నది?” నడివేసవిలో ఖాళీ బిందెలను వరుసగా పెట్టుకొని నీళ్ల ట్యాంకరుకై ఎదురుచూచు ఇల్లాలు అడుగునదియు ఈ ప్రశ్నయే.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకు రైల్వేవారు చేసిన ఏర్పాటు పంచాయతీ సభ్యులు తెలిసికొనదగినది. నేడు బస్సులకు, అంబులెన్సులకు, కొన్నిచోట్ల నీళ్ల ట్యాంకర్లకు కూడ జాడ తెలుపు పరికరములు అమర్చుచున్నారు. కాని పరికరము తగిలించినంత మాత్రమున లెక్క తేలదు. కార్యాలయములో అంతకుముందే ఒక లెక్క ఉన్నది: ఏ బండి, ఏ ఊరికి, ఎన్ని ట్రిప్పులు. అది పుస్తకములో ఉండవచ్చును, పాత కంప్యూటరులో ఉండవచ్చును. ఈ పాత లెక్కను, ఆ క్రొత్త జాడను సరిగా కలుపకున్నచో రెండును చెడును. ఫోను సిగ్నలు అందని ఊళ్లలో ఈ చిక్కు మరింత పెద్దది. కావున ఈ రెంటిని కలుపు విధానమును మేము ఇచ్చట మొదటినుండి వివరించుచున్నాము.

రైల్వే కంట్రోలు పటము

పూర్వము ఒక రైలు స్టేషను విడిచిన వెంటనే స్టేషను మాస్టరు ఆ సమయమును టెలిఫోనులో సెక్షను కంట్రోలరుకు తెలిపెడివాడు. కంట్రోలరు ఎదుట ఒక పెద్ద కాగితముండెడిది. దానిలో ఒక వైపు స్టేషనుల పేర్లు, ఇంకొక వైపు గంటలు, నిమిషములు. మాస్టరు చెప్పిన సమయమును అతడు పెన్సిలుతో గుర్తించును. ఆ గుర్తులను కలుపగా ఏర్పడిన గీతయే ఆ రైలు నడక. ఒంటిమార్గమున ఎదురెదురుగా వచ్చు రెండు రైళ్ల గీతలు ఎచ్చట ఖండించుకొనునో, ఆ స్టేషనులో ఒక రైలు ఆగి రెండవదానికి దారి ఈయవలెను. గీత తప్పినచో ప్రయాణికులు గంటల తరబడి నిలిచిపోవలసినదే.

ఈ కాగితపు పటము తరువాత కంప్యూటరు తెరపైకి వచ్చినది. 1986లో స్థాపింపబడిన రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రము, అనగా క్రిస్ అను సంస్థ, ఇందుకై కంట్రోలు ఆఫీసు అప్లికేషను అను సాఫ్ట్‌వేరును తయారుచేసినది. పటము తెరపైకి వచ్చినను, సమయములను మాత్రము చాలవరకు మనుష్యుడే చెప్పవలసియుండెను, మనుష్యుడే ఎక్కించవలసియుండెను.

పిమ్మట క్రిస్ వారు ఇస్రో సహకారముతో రైలింజన్లకు జాడ తెలుపు పరికరములను అమర్చసాగిరి. దీనిని ఆర్.టి.ఐ.ఎస్. అందురు. ఇంజను ఒక స్టేషనును చేరినను, విడిచినను, ఆగక దాటిపోయినను ఈ పరికరము తానే గుర్తించి ఆ సమయమును పంపును. రెండు స్టేషనుల నడుమ ఉన్నప్పుడు 30 సెకండ్లకొకసారి తన స్థానమును తెలుపును. ఆ సమయములు నేరుగా కంట్రోలు పటముపై గీతగా పడును. 2022 ఆగస్టు నాటికి 21 విద్యుత్ ఇంజన్ల షెడ్లలో 2,700 ఇంజన్లకు ఈ పరికరములు అమరినట్లును, ఇతర పరికరములతో కలిపి సుమారు 6,500 ఇంజన్ల జాడ కంట్రోలు సాఫ్ట్‌వేరునకు నేరుగా చేరుచున్నట్లును, మరియొక 6,000 ఇంజన్లకు అమర్చుటకు సంకల్పించినట్లును రైల్వేశాఖ ప్రకటించినది.

ఇచ్చట సభ్యులు గమనింపవలసిన విషయములు రెండు. మొదటిది, రైల్వేవారు క్రొత్త పరికరము వచ్చినదని పాత పటమును తొలగింపలేదు. దశాబ్దములుగా కంట్రోలరు చదువనేర్చిన పటమునకే సమయములను అందించు క్రొత్త దారిని ఏర్పరచిరి. రెండవది, రైళ్ల భద్రతను నేటికిని కాపాడునవి సిగ్నళ్లు, బ్లాకు యంత్రములే. జాడ పరికరము సమయమును చెప్పును, దారి ఈయదు. ఏ పని ఏ సాధనము చేయవలెనో ముందుగా తేల్చుకొనుట మంచి ఏర్పాటునకు తొలి లక్షణము.

స్థానము తెలియుట వేరు, తెలుపుట వేరు

“మా ఊరిలో ఫోను సిగ్నలే లేదు, జి.పి.ఎస్. ఎట్లు పనిచేయును?” అని పలువురు అడుగుదురు. ఇది సహజమైన సందేహము. దీనికి జవాబు తెలిసినచో మిగిలిన పాఠమంతయు సులభమగును.

పరికరము తన స్థానమును ఆకాశమునందలి ఉపగ్రహములనుండి తెలిసికొనును. కనీసము నాలుగు ఉపగ్రహముల సంకేతములు అందినచో అది తానున్న చోటును, సరియైన సమయమును లెక్కకట్టగలదు. దీనికి ఫోను సిగ్నలు అక్కరలేదు. ఆ లెక్కను దూరముననున్న కార్యాలయమునకు పంపుటకే ఫోను సిగ్నలు కావలెను. ఊరికి పోయివచ్చిన మనిషికి తాను చూచినదంతయు జ్ఞాపకమే. కాని తపాలా పెట్టె కనబడువరకు ఉత్తరము వేయలేడు. పరికరమును అట్టిదే.

రైల్వేవారు ఈ ఇబ్బందికి రెండు దారులు ఉంచుకొనిరి. ఫోను సిగ్నలు ఉన్నచోట దాని ద్వారాను, లేనిచోట ఇస్రో ఉపగ్రహము ద్వారాను కబురు పంపుదురు. ప్రతి ట్రాక్టరు ట్యాంకరునకు ఉపగ్రహ మార్గమును కొనుట పంచాయతీలకు సాధ్యము కాదు. మనకు తగిన ఉపాయము వేరొకటి ఉన్నది: పంపలేనిదానిని దాచుకొని, సిగ్నలు అందినప్పుడు పంపుట.

ఈ ఉపాయము ఇదివరకే నిబంధనలలో చేరియున్నది. కేంద్ర మోటారు వాహనముల నియమావళిలోని 125-హెచ్ నిబంధన ప్రకారము, 2019 జనవరి 1వ తేదీనుండి క్రొత్తగా రిజిస్టరగు ప్రయాణికుల వాహనములలో జాడ పరికరముండవలెను. మూడుచక్రముల బండ్లకు దీనినుండి మినహాయింపు కలదు. ఆ పరికరము ఎట్లుండవలెనో ఎ.ఐ.ఎస్.-140 అను ప్రమాణము నిర్ణయించుచున్నది. సిగ్నలు లేనప్పుడు కనీసము 40,000 నమోదులను అది తనలో దాచుకొనవలెను. 10 సెకండ్లకు ఒక నమోదు చొప్పున లెక్కించినను ఇది 111 గంటలకు, అనగా నాలుగు దినములకు పైగా చాలును. తరువాత పంపునప్పుడు “ఇది ఇప్పటి సమాచారము”, “ఇది దాచియుంచిన పాత సమాచారము” అని ప్రతి నమోదునకు గుర్తు వేసి పంపును.

నీళ్ల ట్యాంకరు ప్రయాణికుల వాహనము కాదు. కావున ఈ నిబంధన దానికి తనంతట తాను వర్తింపదు. ట్యాంకరుకు అట్టి పరికరము కావలెనన్నచో కాంట్రాక్టు షరతులలో వ్రాయించుకొనవలెను. ఇది సభ్యులు మరువరాని మాట.

ఒక ఉదయపు ట్యాంకరు

ఒక ఉదాహరణము తీసికొందము. ఒక మజరా గ్రామములో 600 మంది ఉన్నారనుకొందము. జలజీవన్ మిషన్ నిర్ణయించిన ప్రకారము మనిషికి దినమునకు 55 లీటర్ల చొప్పున వారికి 33,000 లీటర్లు కావలెను. 5,000 లీటర్ల ట్యాంకరుతో తోలినచో 7 ట్రిప్పులు. ఒక్క ట్రిప్పు తప్పినను 90 మందికి ఆ దినపు నీరు లేనట్లే.

ట్యాంకరు జాతీయ రహదారి ప్రక్కనున్న బోరు వద్ద నీరు నింపుకొని 6 గంటల 10 నిమిషములకు బయలుదేరినది. ఎర్రమల కొండల మరుగున ఉన్న ఆ మజరాకు 6 గంటల 50 నిమిషములకు చేరినది. అచ్చట సిగ్నలు లేదు. నీరు పోసి 7 గంటల 20 నిమిషములకు మరలినది. 7 గంటల 45 నిమిషములకు తిరిగి రహదారి ఎక్కగా సిగ్నలు అందినది. పరికరము తాను దాచియుంచిన నమోదులన్నింటిని అప్పుడు ఒక్కమారుగా పంపినది.

ఇప్పుడు కార్యాలయములోని పాత ట్రిప్పుల సాఫ్ట్‌వేరు ఏమి చేయును? అది పూర్వము గుమాస్తా ఎక్కించు సమయమునే ఎరుగును. అనగా కబురు అందిన గడియనే జరిగిన గడియగా భావించును. దాని లెక్కలో ట్యాంకరు 7 గంటల 45 నిమిషములకు రహదారిమీద ఉన్నది. మజరాకు పోయినట్లే లేదు. “చేరలేదు” అని ఎఱ్ఱ గుర్తు పడును. నీరు పోసిన డ్రైవరుకు ఆ ట్రిప్పు బిల్లు రాదు. లేదా నీరు చేరలేదని తలచి అదే మజరాకు రెండవ ట్యాంకరును పంపుదురు. అది పోవలసిన వేరొక మజరా ఎండును. పరికరము అబద్ధమాడలేదు, డ్రైవరు తప్పు చేయలేదు, గుమాస్తా అలక్ష్యము చేయలేదు. తప్పు కలుపుటలో ఉన్నది.

దీనినుండి మొదటి సూత్రము తేలుచున్నది: ప్రతి నమోదునకు రెండు సమయములుండవలెను. ఒకటి జరిగిన సమయము. రెండవది అందిన సమయము. బిల్లునకు, విచారణకు జరిగిన సమయమే ప్రమాణము. అందిన సమయము కేవలము సిగ్నలు ఎచ్చట లేదో తెలిసికొనుటకు పనికివచ్చును. అంతేకాక, “కబురు లేదు” అనుటకును “బండి పోలేదు” అనుటకును గల భేదము తెరపై వేరువేరుగా కనబడవలెను.

పాత లెక్కకు ఒక దుబాసీ

పాత సాఫ్ట్‌వేరునకు మజరా, బండి నంబరు, చేరిన సమయము, మరలిన సమయము అను నాలుగు గళ్లే తెలియుననుకొందము. పరికరము పంపునది అట్టిది కాదు. 10 సెకండ్లకొక స్థానము చొప్పున గంటకు 360 స్థానములు. ఒకరి భాష ఒకరికి తెలియదు. పూర్వము దొరకును, రైతుకును నడుమ దుబాసీ నిలిచినట్లు, ఈ రెంటి నడుమ ఒక చిన్న సాఫ్ట్‌వేరును నిలుపవలెను. అది వందల స్థానములను చదివి, “ఫలానా బండి ఫలానా మజరా ట్యాంకు వద్దకు 6-50కి చేరినది, 7-20కి మరలినది” అని రెండు మాటలలోనికి మార్చి పాత లెక్కకు అందించును. రైలింజను పరికరము అసంఖ్యాకమైన స్థానములనుండి “చేరినది, విడిచినది, దాటినది” అను మాటలను తీసి కంట్రోలు పటమునకు ఇచ్చుటయు ఈ విధమైనదే.

దుబాసీ ఆ తీర్పు చెప్పుటకు ప్రతి ఊరి నీటి ట్యాంకు చుట్టును ఒక ఊహా వలయమును గీయవలెను. బండి వలయములో ప్రవేశించినచో చేరినట్లు. వెలుపలికి వచ్చినచో మరలినట్లు. వలయము మరీ చిన్నదైనచో, ఇరుకు సందుకు ఈవలనే నిలిచి గొట్టముతో నీరు పోసిన ట్యాంకరు చేరనట్లగును. మరీ పెద్దదైనచో, రోడ్డుమీద ఊరిని దాటిపోయిన బండియు ఊరికి వచ్చినట్లగును. దూరమున కూర్చున్న ఇంజనీరునకు ఆ సందు తెలియదు. తెలిసినవారు మీరే.

ఇంకొక చిక్కు పేర్లది. కొత్తపల్లె, కొత్తకోట వంటి పేర్లు మన జిల్లాలలో ఒకటికి మించి ఉన్నవి. ఒకే ఊరిని పాత లెక్కలో ఒక విధముగను, క్రొత్త పటములో వేరొక విధముగను వ్రాసినచో కంప్యూటరు వానిని రెండు ఊళ్లుగా తలచును. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ వారి స్థానిక ప్రభుత్వముల డైరెక్టరీలో ప్రతి పంచాయతీకి, ప్రతి గ్రామమునకు ఒక కోడు సంఖ్య కలదు. రెండు లెక్కలలోను ఆ సంఖ్యనే వాడినచో పేర్ల తగవు తీరును. మజరాలకు ఆ సంఖ్య క్రింద వరుస నంబర్లు వేసికొనవచ్చును.

ఒకే ట్రిప్పు రెండుసార్లు

దాచి పంపు పద్ధతిలో మరియొక ప్రమాదము కలదు. పరికరము కబురు పంపినది; కార్యాలయమునకు అది చేరినది; “అందినది” అను జవాబు తిరిగి వచ్చులోపల సిగ్నలు పోయినది. జవాబు రాలేదు గనుక పరికరము ఆ కబురునే మరల పంపును. అట్లు పంపుట దాని ధర్మము. కాని పాత లెక్క దానిని రెండవ ట్రిప్పుగా వ్రాసికొన్నచో, పోయని నీటికి పంచాయతీ సొమ్ము చెల్లును.

దీనికి నివారణ సులభము. ట్యాంకరు బోరు వద్ద బయలుదేరునప్పుడే ఆ ట్రిప్పునకు ఒక సంఖ్య ఈయవలెను. బండి నంబరు, తేదీ, ఆ దినపు వరుస సంఖ్య కలిపిన చాలును. ఆ సంఖ్య గల కబురు పదిమార్లు వచ్చినను లెక్క ఒక్కటియే. మనీయార్డరునకు రశీదు సంఖ్య ఉన్నట్లే ఇదియును.

పరికరము చూడలేనిది

జాడ పరికరము బండిని చూచును, నీటిని చూడదు. ట్యాంకరు మజరాలో అరగంట నిలిచినదని అది చెప్పగలదు. నిండుగా వచ్చినదా, సగము వచ్చినదా, నీరు త్రాగ యోగ్యముగా ఉన్నదా, ఊరి ట్యాంకులో పోసినారా, ఒకరి తోటలో పోసినారా అనునది దానికి తెలియదు. ఆ సాక్ష్యము చెప్పవలసినది ఊరివారే. కావున నీరు అందుకొన్నవారి సంతకము గల ట్రిప్పు చీటీని పరికరము వచ్చినదని మానుకొనరాదు. పరికరము బండి రాకకు సాక్షి. చీటీ నీటి రాకకు సాక్షి. రెండును ఏకమైనప్పుడే బిల్లు.

రెండును ఏకము కానప్పుడు ఏమి చేయవలెను? చీటీలు 7, పరికరము లెక్క 6 అయినచో, ఒకదానిని కొట్టివేసి రెండవదానిని నిలుపుట న్యాయము కాదు. రెంటిని ప్రక్కప్రక్కన ఉంచి, తేడాకు కారణము విచారించి, ఆ కారణమును వ్రాసి, సంతకము చేయవలెను. పరికరమునకు కరెంటు తెగియుండవచ్చును. లేక చీటీయే బూటకమై యుండవచ్చును. కంప్యూటరు చెప్పినదని డ్రైవరును దొంగగా ఎంచుటయు, తెలిసినవాడని చీటీని కన్నుమూసి నమ్ముటయు రెండును తప్పులే.

పంచాయతీ చేయదగిన పనులు

సాఫ్ట్‌వేరును కలుపుట నిపుణుల పని. కాని అది సరిగా కలియుటకు కావలసిన సామగ్రి పంచాయతీ చేతిలోనే ఉన్నది. సభ్యులు వేసవికి ముందుగానే ఈ క్రింది పనులు జరిపించవలెను.

1. పంచాయతీలోని ప్రతి మజరా పేరును, కోడును, నీరు పోయు చోటును ఒక పట్టికగా వ్రాయవలెను. ఆ చోట నిలిచి ఫోనులో స్థానమును గుర్తించి పట్టికకు చేర్చవలెను.

2. ఏ మజరాలో, ఏ మలుపులో సిగ్నలు అందదో ఒక దినము బండిపై తిరిగి గుర్తించవలెను. ఆ చోట్లనుండి కబురు ఆలస్యముగా వచ్చుట సహజమని కార్యాలయమునకు ముందే తెలుపవలెను.

3. కాంట్రాక్టు షరతులలో, పరికరము సిగ్నలు లేనప్పుడు నమోదులను దాచవలెననియు, బండి బ్యాటరీ తీగె తెగినను కొంతసేపు పనిచేయు సొంత బ్యాటరీ ఉండవలెననియు, సమాచారము పంచాయతీకి స్వాధీనమై ఉండవలెననియు వ్రాయించవలెను. పరికరము అమ్మినవారు మారినను లెక్కలు మనయొద్ద నిలువవలెను గదా.

4. దినపు లెక్కను ఆ సాయంకాలమే మూయరాదు. ఆలస్యపు కబుర్లు చేరుటకు రెండు, మూడు దినముల గడువిచ్చి పిమ్మట బిల్లు తేల్చవలెను. గడువు దాటి వచ్చినదానిని త్రోసివేయక వేరుగా ఉంచి విచారించవలెను.

5. క్రొత్త ఏర్పాటు ఆరంభించిన మొదటి నెల పాత రిజిస్టరును, క్రొత్త లెక్కను జంటగా నడిపించవలెను. వారమునకొకసారి రెంటిని పోల్చి, తేడాలు తగ్గిన తరువాతనే క్రొత్తదానిపై ఆధారపడవలెను. అప్పుడును చేతి రిజిస్టరు వ్రాయు అలవాటు పోగొట్టుకొనరాదు. యంత్రము నిలిచిన దినమున నీరు నిలువరాదు.

6. ఏ మజరాకు ఎన్ని ట్రిప్పులు వచ్చినవో, ఎన్ని తేడాలు వచ్చినవో పంచాయతీ కార్యాలయపు నోటీసు బోర్డుపై వారమునకొకసారి పెట్టవలెను; గ్రామసభలో చదివి వినిపించవలెను. వేయి కళ్లు చూచిన లెక్కలో తప్పు దాగదు.

ఈ పట్టికలు నీళ్లకు మాత్రమే కాదు, ప్రాణములకును పనికివచ్చును. 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదులో ఆరంభమైన 108 సేవ నేడు మన గ్రామములన్నిటికి పరిచితమే. ప్రసవవేదనలో ఉన్న తల్లికొరకు ఫోను చేసినవారు, “కొత్తపల్లె” అని మాత్రమే చెప్పినచో అంబులెన్సును ఏ కొత్తపల్లెకు పంపవలెను? మండలము పేరు, పంచాయతీ పేరు, దారిలోని బడి, గుడి, వాటరు ట్యాంకు వంటి గుర్తులు వెంటనే చెప్పగలుగునట్లు ప్రతి మజరాలో ఒక బోర్డు వ్రాయించిన ఎంతయో మేలు. అంబులెన్సునకు జాడ పరికరమున్నను, పోవలసిన చోటు తెలియనిచో ఆ జాడ వలన ప్రయోజనమేమి?

డోన్ స్టేషనులో రైలు జాడను నేడు తెర చెప్పుచున్నది. ఆ తెర వెనుక కంట్రోలరు చేతి పటము ఉన్నది. స్టేషను మాస్టర్లు ఏండ్ల తరబడి నిమిషము తప్పక చెప్పిన సమయముల క్రమశిక్షణ ఉన్నది. ఆ క్రమశిక్షణ ఉన్నందుననే క్రొత్త పరికరము అచ్చట అమరినది. మన పంచాయతీలలోను ట్రిప్పుల రిజిస్టరు నేడు శుద్ధముగా ఉన్నచో, రేపు వచ్చు పరికరము దానికి తోడగును. రిజిస్టరే తప్పుల కుప్పయైనచో పరికరము ఆ తప్పులనే మరింత వేగముగా వ్రాయును. కావున వేసవి రాకముందే సభ్యులు తమ రిజిస్టరును తెరచి, ఊళ్ల పేర్లను, బండ్ల నంబర్లను, సంతకములను ఒక్కమారు సరిచూచుకొందురు గాక.